గుడ్డుకు లెక్క ఎవరు చెప్పాలి?



2024 ఆగస్టులో ఒక వీడియో కర్ణాటకమంతా చుట్టేసింది. కొప్పళ జిల్లా గుండూరు అంగన్‌వాడీలో పిల్లలు వరసగా కూర్చున్నారు. ఒక్కొక్కరి పళ్ళెంలో ఒక్కో ఉడికించిన గుడ్డు. ఫొటో తీశారు, వీడియో తీశారు. ఆ పని కాగానే పళ్ళేల్లోంచి గుడ్లు తిరిగి ఎత్తేశారు. సంగతి బయటపడింది, మంత్రిగారికి కోపం వచ్చింది, కార్యకర్తనూ సహాయకినీ సస్పెండ్ చేశారు. నాలుగు రోజుల్లో వార్త పాతబడింది.

చేసింది తప్పు. దాన్ని వెనకేసుకు రావడానికి ఏమీ లేదు. కాని గుడ్డు ఎత్తిన చేతిని చూసిన మనం, ఆ ఫొటో ఎవరి కోసం తీశారన్నది మాత్రం అడగలేదు. పిల్లల తల్లి కోసం కాదు. తల్లి ఆ పాటికి ఎక్కడో కూలిపనిలో ఉండి ఉంటుంది. ఆ ఫొటో పై ఆఫీసు కోసం. పై ఆఫీసుకు కావలసింది పళ్ళెంలో గుడ్డు. కడుపులోకి పోయిందా లేదా అని చూసే కాలమ్ ఏ రిజిస్టర్‌లోనూ లేదు.

పిల్లల పేరున సర్కారు పెట్టే ఖర్చుకు ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి అన్నదే ఈ పూట మాట. దీనికోసం కొప్పళ దాకా పోనక్కర లేదు. మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి చాలు. 2007లో కోలారు నుంచి విడిపోయిన ఈ జిల్లాలో, ముఖ్యంగా ఆంధ్ర సరిహద్దు ఊళ్ళలో, ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. అంగన్‌వాడీ గోడ మీద బోర్డు కన్నడంలో ఉంటుంది, ఢిల్లీ నుంచి వచ్చే ఆర్డరు ఇంగ్లీషులో ఉంటుంది, బిడ్డ ఆకలేసి ఏడిచేది తెలుగులో. 2025 జులైలో నంది కొండ మీద మంత్రివర్గం కూర్చుని బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చాలని తీర్మానించింది. పేరు మార్చడానికి ఒక్క సమావేశం చాలింది. సంతోషమే.

అంగన్‌వాడీ మన రాష్ట్రానికి కొత్త కాదు. 1975 అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడు, దేశం మొత్తమ్మీద 33 బ్లాకుల్లో, అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైంది. కర్ణాటక వంతుకు వచ్చింది మైసూరు జిల్లా టి. నరసీపుర, నూరు అంగన్‌వాడీలతో. యాభై ఏళ్ళు నిండాయి. ఇప్పుడు రాష్ట్రంలో దగ్గర దగ్గర 70 వేల కేంద్రాలున్నాయి.

మొదటి పాతికేళ్ళు ఇది సర్కారు దయ. పెడితే తినాలి, పెట్టకపోతే ఊరుకోవాలి. 2001లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టుకు ఎక్కింది. గోదాముల్లో ధాన్యం ముక్కిపోతుంటే జనం పస్తులుంటున్నారేమని దాని ప్రశ్న. ఆ ఏడాది నవంబర్ 28న కోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో, అంతవరకు దయగా ఉన్న తిండి హక్కు అయింది. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టం అదే సంగతిని రాతలో పెట్టింది. ఆరు నెలల బిడ్డ మొదలు ఆరేళ్ళ బిడ్డ దాకా, గర్భిణికీ, ప్రసవమైన ఆరు నెలల దాకా బాలింతకూ, ఊళ్ళోని అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఆహారం అందాలి. అందకపోతే? దానికీ ఆ చట్టంలోనే జవాబుంది. ఎనిమిదో సెక్షన్ ప్రకారం, ఇవ్వాల్సిన ధాన్యమో భోజనమో ఇవ్వకపోతే దాని బదులు రాష్ట్ర ప్రభుత్వం ఆహార భద్రతా భత్యం, అంటే డబ్బు, చెల్లించాలి. అంటే గుడ్డు రాని రోజున ఆ బిడ్డకు సర్కారు బాకీ పడుతుంది. ఆ బాకీ వసూలు చేసుకున్న తల్లిని నేను ఇంతవరకు చూడలేదు. బాకీ ఉందని తెలిసిన తల్లిని చూడటమే అరుదు.

ఇక్కడ 2006 డిసెంబర్‌లో జరిగిన రెండు సంగతులు చెప్పాలి. రెండూ సుప్రీంకోర్టులోనే, ఒకదానికీ ఇంకోదానికీ వారం కూడా తేడా లేదు.

డిసెంబర్ 7న కర్ణాటక ప్రభుత్వానికీ అమీర్‌బీకీ నడిచిన కేసులో తీర్పు వచ్చింది. అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వ కొలువులో ఉన్నవాళ్ళు కారు, అది సివిల్ పోస్టు కాదు, ఒక పథకం కింద పెట్టుకున్న పని మాత్రమే అని. ఆ మాట కోర్టు తనంతట తాను అన్నది కాదు. కోర్టు చేత అనిపించడానికి ఢిల్లీ దాకా వెళ్ళింది మన రాష్ట్ర ప్రభుత్వమే. ఆరు రోజులు గడిచాయి. డిసెంబర్ 13న ఆహార హక్కు కేసులో అదే కోర్టు ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. 2008 డిసెంబర్ లోగా దేశంలో కనీసం 14 లక్షల అంగన్‌వాడీలు నడవాలి. ఆరేళ్ళ లోపు పిల్లలు నలభై మంది ఉండి అంగన్‌వాడీ లేని వాడ ఏదైనా ఉంటే, వాళ్ళు అడిగిన మూడు నెలల్లోగా ఇవ్వాలి. షెడ్యూల్డ్ కులాల, తెగల వాడలకు ముందు ఇవ్వాలి.

రెండూ కలిపి చూడండి. 14 లక్షల చోట్ల పిల్లల్ని సాకాలి. సాకే మనిషి మాత్రం సర్కారు మనిషి కాదు. పనికి మా మనిషి, జీతానికి పరాయి మనిషి. జీతం అని కూడా అనరు, గౌరవధనం అంటారు. గౌరవం ఎంతో చెప్తాను. కేంద్రం తన లెక్కలో కార్యకర్తకు నెలకు 4,500 రూపాయలు, సహాయకికి 2,250 రూపాయలు అని 2018 అక్టోబర్‌లో నిర్ణయించింది. ఆ తర్వాత ఏళ్ళు గడిచినా కేంద్రం లెక్క కదల్లేదు. కర్ణాటక తన ఖజానా నుంచి కలిపి ఇస్తోంది కాబట్టి చేతికొచ్చేది దానికంటే ఎక్కువే. ఆ ఎక్కువ కూడా ఊరికే రాలేదు. 2017 మార్చిలో వేలమంది ఆడవాళ్ళు బెంగళూరు ఫ్రీడం పార్కు దగ్గర రోడ్డు మీదే పగలు రాత్రి కూర్చుంటే వచ్చింది. 2023 జనవరిలో, ఆ చలిలో, మళ్ళీ కూర్చున్నారు. ఎర్ర జెండా పాతుకున్న బాగేపల్లి లాంటి తాలూకాలో ఈ పోరాటాల కబుర్లు తెలియని ఇల్లు ఉండదు.

సరిహద్దు దాటి కొడికొండ చెక్‌పోస్టు అవతలికి వెళ్తే ఇదే బొమ్మ ఇంకో వైపునుంచి కనిపిస్తుంది. 2023 డిసెంబర్ 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 42 రోజులు సమ్మె చేశారు. 2024 జనవరి మొదటి వారంలో అక్కడి ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. కరెంటు, నీళ్ళు, ఆస్పత్రి ఆగిపోతే జనం బతకలేరు కాబట్టి ఆ పనివాళ్ళు సమ్మె చేయకూడదని పెట్టుకున్న చట్టం. పని ఆపితే అత్యవసర సేవ, పింఛను అడిగితే స్వచ్ఛంద సేవ, గుడ్డు పోతే నేరం. ఇంతకీ ఆమె ఎవరు?

2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు ఈ చిక్కుముడిని కొంత విప్పింది. గుజరాత్ నుంచి వచ్చిన కేసులో జస్టిస్ అజయ్ రస్తోగీ, జస్టిస్ అభయ్ ఓకా ధర్మాసనం, అంగన్‌వాడీ కార్యకర్తలకూ సహాయకులకూ 1972 నాటి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తేల్చింది. ఆహార భద్రతా చట్టం వచ్చాక వీళ్ళు చేసేది చట్టబద్ధమైన బాధ్యత, దాన్ని పార్ట్‌టైమ్ పని అనలేం అని. నాకు నచ్చిన సంగతి ఒకటుంది ఇందులో. బిడ్డకు హక్కు వచ్చింది కాబట్టే ఆ బిడ్డకు వండిపెట్టే మనిషికి హక్కు వచ్చింది. ఆ రెంటినీ విడదీసి మాట్లాడేవాళ్ళను నేను నమ్మను. పిల్లల తిండి గురించి కన్నీళ్ళు పెట్టుకుంటూ అంగన్‌వాడీ టీచరమ్మ గౌరవధనం మాటెత్తగానే గొంతు సవరించుకునేవాళ్ళు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. మూడేళ్ళనుంచి ఆరేళ్ళ బిడ్డకు రోజుకు తిండి ఖర్చు ఎంత అని కేంద్రం 2017లో ఒక లెక్క కట్టింది. ఎనిమిది రూపాయలు. బాగా చిక్కిపోయిన బిడ్డకైతే పన్నెండు. గర్భిణికి తొమ్మిదిన్నర. ఏడాదికి 300 రోజులు పెట్టాలి. మన రాష్ట్రంలో అందులో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. ఈ మాట విని మీరు నవ్వుకుంటున్నారేమో తెలియదు. చింతామణి బస్టాండులో ఎనిమిది రూపాయలకు ఏమొస్తుందో మీకే తెలుసు. కర్ణాటక దానికి తన సొంత పథకాలు జోడించిన మాట నిజం. 2013 ఆగస్టు 1న క్షీరభాగ్య పేరున పిల్లలకు పాలు మొదలెట్టింది. 2017 అక్టోబర్ 2న మాతృపూర్ణ పేరున గర్భిణులకు, బాలింతలకు మధ్యాహ్నం ఒక పూర్తి భోజనం అంది. తెలుగు రాష్ట్రాల్లో అంతకుముందే నడుస్తున్న పద్ధతే అది. తెలంగాణ దాన్ని 2015లో ఆరోగ్యలక్ష్మి అంది. ఆలోచన మంచిదే. కాని ఏడో నెల గర్భిణి ఎర్రటి ఎండలో తాండా నుంచి పెద్ద ఊరి అంగన్‌వాడీ దాకా నడిచొచ్చి, తిని, మళ్ళీ నడిచి వెళ్ళాలి. పనిలో ఉంటే పూట కూలి పోతుంది. ఆ లెక్క ఏ బడ్జెట్ ప్రసంగంలోనూ రాలేదు.

గుడ్ల సంగతి మరీ వేరు. ఎవరు కొనాలన్న దాని మీద సర్కారు ఒక మాట మీద నిలబడలేదు. ఒకసారి పిల్లల తల్లులుండే ఊరి బాల వికాస సమితి కొనాలంటారు, ఇంకోసారి టెండరు అంటారు. 2021లో ఆ టెండరు చుట్టూ లంచం ఆరోపణలు టీవీకెక్కాయి. అప్పటి మంత్రి ఖండించారు. టెండరు గుడ్లు కుళ్ళిపోయి వస్తున్నాయని ఫిర్యాదులొస్తే మళ్ళీ సమితి అన్నారు. సమితి కొంటే ఏమవుతుంది? సర్కారు గుడ్డుకు ఒక రేటు కడుతుంది, కార్తీక మాసం పోయాక కోళ్ళ ఫారం వాడు ఇంకో రేటు చెప్తాడు. తేడా ఎవరు పెట్టుకోవాలి? డబ్బు ఖాతాలో పడేది రెండు నెలలు ఆలస్యంగా అయితే అప్పటిదాకా ఎవరు సర్దాలి? టీచరమ్మే. తన గౌరవధనం లోంచి. అలా సర్దుతున్నామని రాష్ట్రమంతటా వాళ్ళు మొత్తుకుంటున్నారు.

బాగేపల్లి తాలూకాలో ఒక అంగన్‌వాడీ ఎలా ఉంటుందో కొంచెం దగ్గరనుంచి చెప్తాను. ఊరి పేరు ఎందుకులెండి. ఒకే గది. ఒక మూల గ్యాస్ పొయ్యి, ఇంకో మూల బియ్యం మూటలు, వాటి మీద నందిని పాలపొడి పాకెట్లు. గోడకు కొక్కెం, దానికి వేలాడే తక్కెడ. పక్కనే బిడ్డ ఎదుగుదల చార్టు. పచ్చరంగులో చుక్క పడితే బిడ్డ బాగున్నట్టు, పసుపు అయితే కనిపెట్టి చూడాలి, నారింజ రంగు అయితే ఆస్పత్రికి పరుగెత్తాలి. టీచరమ్మ ఒళ్ళో ఫోను. హెల్పరమ్మ అన్నం వారుస్తూ ఒక కంట పిల్లల్ని చూస్తోంది. ఇంతలో ఒక చంటాడు చాప తడిపాడు. అదే నిమిషంలో ఫోను మోగింది. పోషణ్ ట్రాకర్‌లో ఇవాళ్టి హాజరు ఇంకా ఎక్కలేదట, సూపర్‌వైజర్ అడుగుతోంది. టీచరమ్మ బయటికి వెళ్ళి, సిగ్నల్ దొరికే చోట, వేపచెట్టు కింద నిలబడి ఫోను పైకెత్తింది. లోపల పిల్లలు, బయట టీచరు. ఎలక్షన్ పని కూడా ఆమెకే కాబట్టి ఓటర్ల జాబితా కాగితాలు ఆ బియ్యం మూటల మీదే ఉన్నాయి.

పోషణ్ ట్రాకర్ అనే ఈ యాప్ 2021 మార్చిలో వచ్చింది. ఉద్దేశం మంచిదే. దొంగ హాజర్లు కట్టిపెట్టాలి. దొంగ హాజర్లు లేవని నేనెందుకంటాను? 2025 ఫిబ్రవరిలో హుబ్బళ్ళి దగ్గర గబ్బూరులో ఒక గోదాములో అంగన్‌వాడీ పిల్లలకు, బాలింతలకు పోవాల్సిన తిండి సరుకు మూటలు మూటలుగా పట్టుబడింది. అరెస్టయినవాళ్ళలో కార్యకర్తలూ ఉన్నారు. ఒక్క మనదేశమేం కాదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో కోవిడ్ రోజుల్లో పిల్లలకు అన్నం పెట్టామని బిల్లులు పెట్టి, పెట్టకుండానే 25 కోట్ల డాలర్లు కాజేశారని 2022 సెప్టెంబర్‌లో 47 మంది మీద కేసు పెట్టారు. పిల్లల పేరు చెప్పి తినడం మనిషికి ఎక్కడైనా సులువే, బిడ్డ వచ్చి సాక్ష్యం చెప్పదు కనుక.

కాని దొంగను పట్టుకోవడానికి ఎంచుకున్న దారి చూడండి. 2025 జులై 1 నుంచి, ఇంటికి తీసుకెళ్ళే పోషకాహారం పొందాలంటే తల్లి ముఖాన్ని ఫోను గుర్తుపట్టాలి. దానికి ముందు ఆధార్ తో జోడించిన నంబరుకు ఓటీపీ రావాలి. ఆ నంబరు ఫోను మొగుడి జేబులో, ఆ మొగుడు బెంగళూరులో ఏ మేస్త్రీ కిందో. బిడ్డ తల్లి గడప దగ్గర నిలబడి ఉంటుంది. టీచరమ్మ ఆమెను పుట్టినప్పటినుంచి ఎరుగును. అయినా ఫోనుకు తెలియాలి. ఎండకు కమిలి, ప్రసవానికి చిక్కి, ముఖం మారిందనుకోండి, నువ్వు నువ్వేనని నిరూపించుకోవలసిన పూచీ ఆమెదే. ఆమె హక్కు కింద తీసుకునేదానికి ఆమెనే సాక్షిని చేశారు, ముద్దాయినీ చేశారు. ఇటునుంచి అటు అడిగే దారి మాత్రం ఆ యాప్‌లో ఎక్కడుందో ఆమెకు చూపించినవాళ్ళు లేరు. ఈ నెల మా ఊరికి గుడ్ల డబ్బు ఎప్పుడు పడింది, ఎంత పడింది అని అడిగితే ఏ ఫోనూ మోగదు.

ఇలా అనుమానాన్ని తల్లిదండ్రుల వైపు తిప్పితే ఎంత దూరం పోతుందో నెదర్లాండ్స్ చూపించింది. అక్కడ పిల్లల్ని శిశుసంరక్షణ కేంద్రంలో ఉంచి పనికి వెళ్ళే తల్లిదండ్రులకు సర్కారు ఆ ఖర్చులో భాగం ఇస్తుంది. మోసం జరుగుతోందని పన్నుల శాఖ కంప్యూటర్ లెక్కలతో జల్లెడ పట్టింది. ఒక కాగితంలో సంతకం తప్పిపోయినా మొత్తం డబ్బు తిరిగి కట్టమంది. రెండు దేశాల పౌరసత్వం ఉన్నవాళ్ళను ప్రత్యేకంగా అనుమానించింది. వేలాది కుటుంబాలు చేయని నేరానికి అప్పులపాలయ్యాయి, ఇళ్ళు పోగొట్టుకున్నాయి, కాపురాలు విడిపోయాయి. చివరికి నిజం బయటపడి 2021 జనవరి 15న ప్రధాని రుట్టే మంత్రివర్గం మొత్తం రాజీనామా చేసింది. ఆ తర్వాత ఎన్నికల్లో గెలిచి మళ్ళీ ఆయనే ప్రధాని అయ్యాడనుకోండి, అది వేరే కథ. పసిపిల్లల పద్దు మీద ఒక ప్రభుత్వం పడిపోగలదని మాత్రం తేలింది. మన దగ్గర సహాయకి సస్పెండ్ అవుతుంది.

చిన్నపిల్లల సంరక్షణ అంటే తిండి ఒక్కటే కాదు. తల్లి పనికి పోయినప్పుడు బిడ్డ ఎక్కడుండాలి? మన రాష్ట్రంలో అంగన్‌వాడీ వేళ పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు. చింతామణి పక్క పల్లెల్లో టమోటా కోతకు మనుషుల్ని తీసుకుపోయే ఆటో ఆరింటికే వచ్చి హారన్ కొడుతుంది. చిక్కబళ్ళాపురం చుట్టుపక్కల పూలతోటల్లో తెల్లవారకముందే కోత మొదలవుతుంది, ఎండెక్కితే పువ్వు వాడిపోతుంది కాబట్టి. పట్టుపురుగుల ఇంట్లో అయితే వేళాపాళా ఉండదు. అంటే పనికి వెళ్ళే తల్లికి, అంగన్‌వాడీ తలుపుకు మధ్య మూడున్నర గంటల ఎడం. ఆ మూడున్నర గంటలు బిడ్డ ఎవరి దగ్గర? ముసలి అవ్వ దగ్గర, లేదా బడి మానిన ఎనిమిదేళ్ళ అక్క దగ్గర. ఆ అక్క బడి ఎందుకు మానిందో రాసే కాలమ్ చదువు శాఖ వాళ్ళ దగ్గర లేదు, శిశుశాఖ వాళ్ళ దగ్గరా లేదు.

ఈ లోటు తెలిసి 2023-24లో కర్ణాటక ‘కూసిన మనె’ తెచ్చింది, అంటే పసిపిల్లల ఇల్లు. నాలుగు వేల గ్రామ పంచాయతీల్లో, ఉపాధి హామీ పనికి వెళ్ళే తల్లుల మూడేళ్ళ లోపు బిడ్డల కోసం. ఊళ్ళోనే జాబ్ కార్డున్న ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చి, వంతులవారీగా బిడ్డల్ని చూసుకునే పని అప్పగించి, ఉపాధి కూలి ఇవ్వాలన్నది ఏర్పాటు. నిజానికి ఇది కొత్త దయ కాదు. పనిచోట ఐదుగురు, అంతకు మించి చిన్నపిల్లలుంటే ఒక ఆడమనిషిని వాళ్ళను చూసుకోవడానికే పెట్టి కూలి ఇవ్వాలని 2005 నాటి ఉపాధి చట్టం లోనే రాశారు. దాన్ని పదిహేడు, పద్దెనిమిదేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. సరే, ఆలస్యంగానైనా వచ్చింది. నాకు నచ్చనిది ఒక్కటే, ఆ వంతుల పద్ధతి. ఏడాది బిడ్డకు మనిషి అలవాటు కావాలి. కొంగు వాసన అలవాటు కావాలి. అలవాటయ్యేలోపు ఆమె వంతు అయిపోయి ఇంకొకామె వస్తుంది. వంతుల లెక్క మట్టి పనికి పెట్టుకున్నది. చెరువులో మట్టి ఎవరు తవ్వినా మట్టే. బిడ్డ అట్లా కాదు.

కట్టడాల మాట కూడా అనుకోవాలి. 2006 నుంచి 2011 దాకా ఐసీడీఎస్ ఎలా నడిచిందని సర్కారు లెక్కలు చూసే కాగ్ దేశంలో కొన్ని రాష్ట్రాల్లో తనిఖీ చేసింది. చూసిన అంగన్‌వాడీల్లో నూటికి 61కి సొంత భవనం లేదు. సగానికి పైగా చోట్ల మరుగుదొడ్డి లేదు. దాదాపు మూడో వంతుకు తాగే నీళ్ళు లేవు. ఆ తర్వాత పరిస్థితి కొంత మెరుగైంది, కాదనను. అయితే కాగ్ నివేదిక ఎవరికి ఇస్తారు? పార్లమెంటుకు. నీళ్ళు లేని ఊరికి ఆ నివేదిక వచ్చి ‘మీ ఊళ్ళో నీళ్ళు లేవు’ అని చెప్పదు.

ఊళ్ళోకే వచ్చి చెప్పే పద్ధతి ఒకటుంది, అదీ అప్పటి మన పక్క జిల్లాలోనే పెరిగింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ ఏడాదే అనంతపురంలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ చేశారు. ఊళ్ళోని చదువుకున్న కుర్రాళ్ళు మస్టర్ రోల్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. నీ పేరున ఇన్ని రోజులు పని చేసినట్టుంది, ఇంత కూలి తీసుకున్నట్టుంది, నిజమేనా అని అడిగారు. తర్వాత ఊరంతా కూర్చున్నప్పుడు పైకి చదివారు. చచ్చిపోయినవాడి పేరు చదివితే జనం నవ్వారు, బతికున్నవాడి కూలి చదివితే వాడు లేచి నిలబడ్డాడు. తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ తనిఖీకి ఒక ప్రత్యేక సంస్థనే పెట్టుకుంది. ఆహార భద్రతా చట్టం 28వ సెక్షన్ కూడా సామాజిక తనిఖీ చేయాలనే అంటుంది. బాగేపల్లి నుంచి అనంతపురం బస్సులో పోయి వచ్చే దూరం. ఆ పద్ధతి మాత్రం సరిహద్దు దాటి మన అంగన్‌వాడీ గడప ఎక్కలేదు. గుడ్ల రిజిస్టర్ పట్టుకుని నెలకోసారి గ్రామసభలో పైకి చదివితే చాలు. ఫొటో అక్కర్లేదు. తల్లులు ఎదురుగా కూర్చుని ఉంటారు, బిడ్డలు వాళ్ళ ఒళ్ళో ఉంటారు.

దీనివల్ల టీచరమ్మకు ముప్పు అనుకునేవాళ్ళున్నారు. నేనైతే తిరగేసి అంటాను. గుడ్ల డబ్బు రెండు నెలలు పడలేదని రిజిస్టర్‌లోంచి పైకి చదివితే, అప్పటిదాకా తన చేతి డబ్బు పెట్టిన సంగతి ఊరికి తెలుస్తుంది. దొంగతనం చేసినామెకు ముప్పు. తతిమ్మా అందరికీ అది అండ. ఊరు తన వెనక ఉందని తెలిస్తే తాలూకా కె.డి.పి. సమీక్ష మీటింగులో శిశు అభివృద్ధి అధికారి సి.డి.పి.ఓ.ను ఎమ్మెల్యే అడిగే ప్రశ్న కూడా మారుతుంది. ఇప్పుడేం అడుగుతున్నారు? ఎంతమంది హాజరు, ఎన్ని ఫొటోలు ఎక్కాయి అని. డబ్బు ఏ తేదీన వేశారు అని అడిగితే జవాబు చెప్పవలసింది ఊళ్ళోని టీచరు కాదు, పైవాళ్ళు.

ప్రతి అంగన్‌వాడీకి బాల వికాస సమితి ఉండాలి. అందులో పిల్లల తల్లులుండాలి. చాలా ఊళ్ళలో సభ్యురాలికే తాను సభ్యురాలినని తెలియదు, ఎప్పుడో ఒక కాగితం మీద సంతకం పెట్టిన గుర్తు మాత్రం ఉంటుంది. మీ ఇంట్లో ఆరేళ్ళ లోపు బిడ్డ ఉంటే ముందు ఆ జాబితా అడగండి. నోటితో అడిగితే చెప్పకపోతే కాగితం మీద అడగండి. సమాచార హక్కు అర్జీకి పది రూపాయలు, బి.పి.ఎల్. కార్డుంటే అదీ అక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. కర్ణాటకలో ఆ అర్జీ ఒకే విషయం మీద, నూటయాభై మాటలు మించకుండా ఉండాలని రూలు పెట్టారు. గుడ్ల గురించి అడగడానికి అన్ని మాటలు కూడా పట్టవు. కాగితం, పెన్ను దగ్గరుంటే రాసుకోండి, తర్వాత ఎవరి చేతనైనా కన్నడంలోకి దింపించుకోండి.

శిశు అభివృద్ధి యోజన కార్యాలయంలోని సమాచార అధికారి గారికి. మా ఊరి అంగన్‌వాడీకి గడిచిన ఆరు నెలల్లో గుడ్ల కోసం ఏయే తేదీల్లో ఎంతెంత డబ్బు జమ చేశారో, ఎన్ని గుడ్లు ఏ రేటుకు కొన్నారో తెలుపగలరు. బిల్లుల నకళ్ళు, బాల వికాస సమితి సభ్యుల జాబితా ఇప్పించగలరు. ఇట్లు, ఫలానా బిడ్డ తల్లి.